మామగారి పచ్చజెండా

మాఘమాసపు మంచు తెరలు తెరలుగా విచ్చిపోవుచుండ ప్రాచీముఖమున లేయెండ పొడసూపి నలుదిక్కులకు బారిన పట్టాల మీద పసిడినీరు చల్లుచుండెను. నానాదిగ్దేశాగత ధూమశకటములకు విశ్రమస్థానమై రేయింబవళ్ల భేదమెరుంగక మేల్కొనియుండు గుంతకల్లు జంక్షను ఆ యాదివారపు టుదయమున మాత్రము తలంటుకొని కూర్చున్న గృహస్థు వలె తీరికగా గనబడెను. బొరుగుల ఉగ్గాని గిన్నెలనుండి లేచు తాళింపు పరిమళమును సలసల గాగు నూనెలో నీదులాడు మిరపకాయబజ్జీల చిటపటలును గూడి యాకలి లేనివానికి సైత మాకలి పుట్టించుచుండెను. అయినను ఆ ప్లాట్‌ఫారము మీద నాకలి పుట్టనివా డొక్కడు మిగిలియుండెను. వాని పేరు తిప్పేస్వామి.

తిప్పేస్వామి లోకోషెడ్డున ఫిట్టరు. ముప్పదియెనిమిదేండ్ల ప్రాయమున సైతము పిక్కబలము సడలనీయక కసాపురం రోడ్డు మిత్రమండలి యను ఫుట్‌బాలు జట్టున ముందువరుసలో ఎడమవైపు నాడుచుండెను. మిత్రమండలి జిల్లా పోటీలలో ద్వితీయశ్రేణి జట్టు. ద్వితీయశ్రేణి యనగా చదువరులు గొప్ప యనుకొందురేమో గాని, తృతీయశ్రేణి లేకపోవుటచేత దానికి దిగువ నేలయే గలదు. అట్టి జట్టున బదునొకండేండ్లుగా నాడుచున్నను తిప్పేస్వామి పోటీలలో నొక్క గోలైన వేసి యెరుంగడు. చేతకాక కాదు, మర్యాద యెక్కువై. గోలుముంగిట బంతి కాలికి జిక్కిన తోడనే పక్కవాడును వేయదగినవాడే గదా యను ధర్మసందేహ మాతనికి గలుగును. ఆ సందేహము దీరులోపల బంతి పోవును. విందులో విస్తరి ముందు గూర్చుండియు 'ముందు వారికి వడ్డింపుడు' అని చేయి యడ్డము పెట్టి పస్తులుండువారిని మీరును చూచియే యుందురు.

వచ్చు సంవత్సరమునుండి పిన్నలకు జోటిత్తమని మండలి పెద్దలు మెత్తగా జెప్పుటచే ఆ యాదివారము అనంతపురమున జరుగనున్న పందెమే యాతనికి గడపటిది. ఇన్నేండ్లలో నెన్నడు నింటివారి నాట చూడ రమ్మని పిలువనివాడు ఈ మారు పిలిచెను. భార్య యలివేలును తొమ్మిదేండ్ల కూతురు పావనియు గన్నులార జూచుచుండగా నొక్కటంటే నొక్క గోలు వేయవలెనని యాతని కోరిక. ఆ కోరిక నోరు విప్పి యెవరికిని జెప్పలేదు గాని నిదురలో గాలు విసరి మంచపుకోడును తన్నిన తన్నునకు ఇంటిల్లిపాదికిని తెలిసిపోయెను.

అత్తమామలును వెంట బయలుదేరిరి. మామగారైన ఓబుళపతి ముప్పదిమూడేండ్లు గార్డు పని చేసి విశ్రాంతి గైకొనినవాడు. కాలమును దేవునికంటె నొక మెట్టు పైన గూర్చుండబెట్టి పూజించినవాడు. ఒకానొక యేడు తాను నడపు బండిలోనే భార్య నాగరత్నమ్మను దిరుపతికి దీసికొని పోవుచుండగా నామె నడుమ స్టేషనున గూజాలో నీళ్లు పట్టుకొన దిగెను. వేళ యయ్యెను. ఆమె కుళాయికడ నుండి చేయి చాచి కేకలు వేయుచుండగనే యా మహానుభావుడు పచ్చజెండా యూపెను. బండి కదలెను. నాగరత్నమ్మయు గూజాయు మరునాటి బండికి దిరుపతి చేరిరి. నాటినుండి గుంతకల్లు రైల్వే ప్రపంచమున ఓబుళపతి పేరు నిష్పక్షపాతమునకు మారుపేరయ్యెను. నాగరత్నమ్మకును నాటినుండి యొక యలవాటు పట్టుకొనెను. ఎచ్చట నే జెండా కదలినను ఆమె సంచి చంకబెట్టుకొని లేచి నిలుచును.

బండి వచ్చెను. ఐదుగురు నెక్కిరి. జట్టువారు వెనుకటి పెట్టెలో నెక్కి తాళములు వేయుచు బాటలు పాడుకొనుచుండిరి. కోతలు ముగిసిన వేరుసెనగ చేలును నల్లరేగడి దుక్కులును కిటికీ వెంట వెనుకకు దొరలిపోవుచుండ నాగరత్నమ్మ అల్లుని యెదుట మొగము పెట్టి కూర్చుండుట పద్ధతి గాదని ప్రక్కకు దిరిగి కూర్చుండి కూతు నడ్డము పెట్టుకొని మాటాడుచుండెను. ఇచట నొక విన్నపము. నా కథను నేను నా పద్ధతిని జెప్పుకొందును గాని వీరి మాటలను వీరి మాటలుగనే యుంచితిని. వానిని వ్యాకరణము పెట్టి దిద్దుట పులుసులో బెల్లము గుమ్మరించుట వంటిది.

"అలివేలూ, మీ ఆయన్ను ఒక ఓళిగ తినమను. కడుపు మాడ్చుకుంటే కాలు యాడ ఆడతాది?" అని నాగరత్నమ్మ బొబ్బట్ల డబ్బా మూత దీసి కిటికీతో జెప్పెను.

"ఆటయినాక తింటాలే అత్తా," అని తిప్పేస్వామి నేలతో జెప్పెను.

"నాయనా, ఈపొద్దు గోలు యేస్తావా?" అని పావని మాత్రము సూటిగా నాతని మొగము చూచి యడిగెను. అలివేలు కూతురి తొడ మీద మెల్లగా గిల్లెను. తిప్పేస్వామి కూతురి జడ సవరించి "చూస్తాం తల్లీ" అనెను. ఓబుళపతి గడియారము దీసి చూచి బండి నాలుగు నిముషములు జాగని బాధపడెను.

అనంతపురమున నొక విశాలమైన మైదానము. ప్రేక్షకులు డెబ్బదిమంది యుందురు, మేకలు వేరు. ఎదుటిజట్టు పాతూరు యువజనసంఘము. రిఫరీ యేసుదాసు డ్రిల్లు మాస్టరు, కంచుకంఠము గలవాడు. అంతయు సిద్ధమైన తరువాత నొక లోటు బయటబడెను. మైదానపు గీత వెంట జెండా పట్టుకొని తిరుగవలసిన యిరువురిలో నొకడు బావమరిది నిశ్చయతాంబూలములకు బోయి రాలేదు. అంతట యేసుదాసు జనము వంక దిరిగి గొంతెత్తి పిలిచెను.

"లైను చూసుకునే మనిషి ఒకరు కావాల. తెలిసినోళ్లు ఎవరన్నా ఉండారా?"

లైను అను మాట చెవిని బడగనే ఓబుళపతి తాను లేచుచున్నట్లు తనకే తెలియక లేచి నిలిచెను. "లైన్లో నాకు ముప్పై మూడేండ్ల సర్వీసు ఉండాది," అని ముందుకు నడిచెను. ఏ లైనని యడుగవలెనని యేసుదాసునకు దోచలేదు. ఏ యాటని యడుగవలెనని ఓబుళపతికిని దోచలేదు. మహాకార్యములు పెక్కు లిట్లే యారంభమగును.

అయినను ఓబుళపతి నీతి దప్పువాడు గాడు. "ఒక మాట ముందే చెప్తాండా. ఆ పదకొండో నంబరు చొక్కా మా అల్లుడు," అనెను.

పాతూరు జట్టు నాయకుడును గోలు కాపరియు నైన దాదాపీరు ఆయన నెగాదిగ జూచెను. "నీళ్లకు దిగిన పెండ్లాన్ని వదిలేసి బండి పంపిన గార్డు మీరే గదా సామీ? మా నాయన చెప్తాంటాడు. పెండ్లామే లెక్క లేనప్పుడు అల్లుడొక లెక్కా. జెండా తీసుకోండి."

నాగరత్నమ్మ యీ మాట విని మొగము దిప్పుకొనెను. ముప్పదియేండ్లయినను కొన్ని మాటలు మానవు.

ఫుట్‌బాలు ధర్మశాస్త్రమున ఆఫ్‌సైడను సూక్ష్మధర్మ మొకటి కలదు. ఎదుటిజట్టు కావలివారిని దాటి గోలుముంగిట ముందే పొంచి నిలిచి తనవారి యొద్దనుండి బంతి నందుకొనుట నేరము. పిలుపు రాకమునుపే పోయి పంక్తిలో గూర్చుండుట వంటిది. ఆ నేరము కనబడినచో లైనువాడు జెండా యెత్తవలెను. లేనిచో చేయి దించుకొని యూరకుండవలెను. యేసుదాసు ఈ మాట రెండు మారులు చెప్పగా ఓబుళపతి రెండు మారులు తల యూపెను. అంతయు బాగుగనే యుండెను గాని జట్టువారు కుట్టించిన యా జెండా పచ్చనిది. గార్డు ధర్మమున నేరమేమియు లేదు పొమ్మనుటకే పచ్చజెండా యూపుదురు. ఈ రెండు ధర్మములు నొక్క చేతిలో చిరకాలము కాపురము చేయజాలవని యెవరికిని స్ఫురింపలేదు.

ఆట మొదలయ్యెను. ఓబుళపతి చొక్కా గుండీలన్నియు బెట్టుకొని గీత వెంట దూకుడులేని నడకతో సాగుచు జెండాను రెండు మారు లెత్తెను. రెండు మారులు నదియే న్యాయము. అందొకటి సాక్షాత్తు అల్లుని మీదనే యెత్తుట చూచి డెబ్బదిమందియు జప్పట్లు గొట్టిరి. ఆ రెండు మారులును నాగరత్నమ్మ సంచితో లేచి నిలిచి సిగ్గుపడి మరల గూర్చుండెను. ఇక మిత్రమండలి పాట్లు చెప్పనలవి గాదు. విరామమునకు రెండు గోళ్లు తినిరి. విరామము తరువాత మరియొకటి తినిరి. తిప్పేస్వామికి బంతి యైదు మారులు చిక్కగా నైదు మారులును పక్కవాని కొసగెను. పావని ప్రతి మారును మోకాళ్ల మీద లేచి మరల గూలబడుచుండెను. అలివేలు మాత్రము చేతిలో నున్న కొంగును ముడివేయుచు విప్పుచు నుండెను. మగని కోరిక యేమో యామెకు దెలియును గావున నాట చూచుట యామెకు శిక్షగా నుండెను.

పొద్దు పడమట వాలెను. ఆట యింక నైదు నిముషములే మిగిలెను. అట్టి సమయమున మిత్రమండలి వెనుకవరుసవా డెవడో భీతిచే దన్నిన బంతి యాకాశమార్గమున వచ్చి తిప్పేస్వామి పాదముల చెంత బడెను. అలవాటు చొప్పున నాతడు పక్కకు జూచెను. పక్కవాడు అంతకుమునుపే కాలు బెణికి కూలబడి యుండెను. మర్యాద చూపుట కచట నరమాత్రుడు లేడు. ముందు పాతూరు కావలివాడు సుంకన్న గోలుకు మరింత చేరువగా నిలిచియుండెను గావున నేరమునకు దావే లేదు. గత్యంతరము లేక తిప్పేస్వామి పరుగెత్తెను. పదునొకండేండ్లుగా లోన నణగియున్న పరుగు అది. సుంకన్నను జుట్టి యావలికి బోయెను. ఎదుట గోలు దనుక నల్లరేగడి పొలము వలె మైదానము బయలుపడెను.

గీత మీద నిలిచిన ఓబుళపతి యిది చూచెను. దారి తేటపడెను. అడ్డము లేదు. తన వంశపు టల్లుడు బండి వలె దూసికొని పోవుచున్నాడు. ఆ క్షణమున నాయన కాఫ్‌సైడును యేసుదాసును గనబడలేదు. లోపలి గార్డొక్కడు మేల్కొనెను. కుడిచేయి తనంత లేచి పచ్చజెండాను ఎడమనుండి కుడికి, కుడినుండి యెడమకు దీర్ఘముగా నూపెను.

ఎత్తుట వేరు, ఊపుట వేరు. ఆ యూపు చూచుటతోడనే నాగరత్నమ్మ సంచి చంకబెట్టెను. ఈ మారామె యొక్కతెయే గాదు. గార్డు కూతురైన యలివేలు సైతము పుట్టినింటి పూనకము వచ్చినట్లు తటాలున లేచి నీళ్లచెంబు నొకచేతను బావనిని వేరొకచేతను బట్టుకొని గేటు వైపునకు దిరిగెను. సరిగా నప్పుడే వారి వీపుల వెనుక దిప్పేస్వామి యెడమకాలితో దన్నిన తన్నునకు బంతి దాదాపీరు వ్రేళ్లకొసల నంటి వలలో బడెను. ఆ తరువాత నీల మ్రోగెను.

యేసుదాసు జెండా లేచుట మాత్రమే చూచెను. గోలు చెల్లదని చేయి చూపి గీత కడకు వచ్చెను. "ఆఫ్‌సైడే గదా సార్?"

ఓబుళపతి తన చేతిలోని జెండాను అదెవరిదో యన్నట్లు చూచుకొనెను. అప్పుడు సంగతి దెలిసెను. నిజము చెప్పినచో అల్లుని కొరకు మాట మార్చెనని డెబ్బదిమందియు ననుకొందురు, ముప్పదిమూడేండ్ల పేరు ముప్పది క్షణములలో గంగ గలియును. ఊరకున్నచో పేరు నిలుచును, అల్లుని గోలొక్కటే చచ్చును. అది చచ్చినదని తనకు దక్క నొరునికి దెలియదు. ఆయన యొక్క మారు దీర్ఘముగా నూపిరి దీసెను. ఆయన భయపడుట నే నెరుగుదును. భయపడియు జెప్పెను.

"కాదు సార్. దావ ఖాళీగా ఉన్నింది. పొమ్మని ఊపినాను."

మైదానమెల్ల ఘొల్లున నవ్వెను. "అల్లుడి కోసరం మామ ప్లేటు తిప్పినాడప్పా," అని వెనుకనుండి యొకడనెను. ఓబుళపతి మొగము వాడిపోయెను. తిప్పేస్వామి రొప్పుచు వచ్చి యా మొగము చూచెను. చూచుటతో పాతరోగము మరల దలయెత్తెను. బంతిని పక్కవాని కిచ్చినట్లే గోలును గూడ నిచ్చివేయ సిద్ధపడెను.

"మామ జెండా సరైందే సార్. నేనే ముందు నిలబడింటి," అనెను.

ఇంత వరకు నెన్నడును జరుగనిది యప్పుడు జరిగెను. పదునొకండేండ్లుగా అల్లుడుగారూ మీరూ యనుటయే గాని వేరు మాట యెరుంగని ఓబుళపతి జెండాకర్రతో నేలను గొట్టెను.

"ఒరే తిప్పిగా, నోరు మూసుకో. నా పరువు నేను చూసుకుంటా. నీ గోలు నువ్వు చూసుకో."

అల్లుని ఒరే యనుట మాత్రమే వినబడగా గేటుకడ నుండి వెనుదిరిగిన నాగరత్నమ్మ నోటికి జేయి యడ్డము పెట్టుకొనెను. తిప్పేస్వామి మాత్రము పిలిచి పీట వేయించుకొన్నవాని వలె వెలిగిపోయెను. వీరిరువురి నడుమ యేసుదాసు ఈల నోట బెట్టుకొని యూదవలెనో మానవలెనో తెలియక నిలిచియుండ దాదాపీరు చేతితొడుగులు విప్పుచు వచ్చెను.

"ఇట్లాంటి ఇంటోళ్లను నేను యాడా చూడల్యా. యేసినోడు కాదంటాడు, ఆపినోడు అవునంటాడు. మా సుంకన్న ఆయనకంటే గోలుకు దగ్గరే ఉన్న్యాడు సార్, గోల్లో నుంచి నేను చూస్తి. గోలే. రాసుకోండి."

వలలో బడిన తరువాతనే యీల మ్రోగెను గావున గోలు గోలయ్యెను. మూడింటి కొకటి. ఆ యొకటితో మిత్రమండలి కేమియు నొరగలేదు. మిగిలిన నిముషము లాడి యోడిపోయిరి.

ఆట ముగిసిన తోడనే తిప్పేస్వామి పచ్చికలేని నేల మీద బాలుని వలె బరుగెత్తి తనవారిని జేరెను. వారు సంచులతో చెంబుతో గేటుకడ నిలిచియుండిరి. "ఏమయింది? అంతసేపు ఏంటికి కొట్లాడినారు? బండికి టైమయిందని మేము లేస్తిమి," అని యలివేలడిగెను.

"గోలు," అని తిప్పేస్వామి యనెను.

"ఎవరిది?" అని పావని యడిగెను.

తిప్పేస్వామి కూర్చుండి బూట్ల దారములు విప్పుకొనెను. అలివేలునకు మెల్లగా నర్థమయ్యెను. చెంబు చేతిలో నట్లే యుండగా నామె కన్నుల నీరు దిరిగెను. తాను చూడవలెననియే యింతదూరము పిలిచినవానికి తాను వీపు చూపి నిలిచినది.

సాయంకాలపు బండిలో పావని తండ్రి మోకాలు పట్టి కుదిపెను. "ఎట్లా యేసినావు నాయనా? చెప్పు."

"ఊరికే పడింది తల్లీ," అని తిప్పేస్వామి కిటికీ వంక దిరిగెను. తన్ను దాను బొగడుకొనుట యాతని కబ్బని విద్య.

అప్పుడు ఓబుళపతి లేచి నిలిచెను. పై బల్లకు జేయి యానించి "ఊరికే పడల్యా పాపా. నేను చూసినాను, నేను చెప్తా విను," అని మొదలుపెట్టెను. గీత మీద సరిసమానముగా నిలిచి కడగంట గాక నిండుగన్నుల నా గోలును జూచిన ఇంటివా డాయన యొక్కడే. బంతి యెట్లు వచ్చెనో, యల్లుడెట్లు పక్కకు జూచెనో, యెవరును లేకుండుట గని యెట్లు పండ్లు బిగించెనో, సుంకన్న యే వైపునకు బోరగిలబడెనో యంతయు జెప్పెను. అలివేలు ముందుకు వంగి వినెను. నాగరత్నమ్మ పద్ధతి మరచి యల్లుని మొగమునకే యెదురుగా దిరిగి కూర్చుండెను. గార్లదిన్నెలో నెక్కిన సెనక్కాయల వర్తకు డేమి సంగతియని యడుగగా మరల మొదటినుండి చెప్పెను. అచట గోలు ఇరువది గజముల దూరమునుండి పడెను. కల్లూరులో నొక పెండ్లిబృంద మెక్కెను. అచట నది నలువది గజములయ్యెను, సుంకన్నకు దోడు మరి యిద్దరు కావలివారు పుట్టుకొనివచ్చిరి. జీవితమున నొక్క నిముషమైన నటునిటు వ్రాయని చేతులు గాలిలో గజములకు గజములు గొలుచుచుండెను. పెండ్లివారు తిప్పేస్వామిని జూపుడు వ్రేళ్లతో జూపుకొనిరి.

తిప్పేస్వామి యిక సహింపలేకపోయెను. "మామా, అంత దూరం ల్యా. పది అడుగులు కూడా ఉండదు. నేనే గదా తన్నింది, నాకు తెలీదా?"

ఓబుళపతి మాట యాపి యల్లుని వంక జూచెను. ఆయన గొంతు తగ్గెను.

"నీకేం తెల్సురా. నువ్వు బంతిని చూస్తాంటివి. నేను నిన్ను చూస్తాంటి."

తిప్పేస్వామి మొగము కిటికీకి దిప్పెను గాని యచట జూచుటకు చీకటి తప్ప నేమియు లేదు. అలివేలు పైటచెరగు నాతని చేతిలో బెట్టగా నాతడు దానితో గన్నులు దుడుచుకొనెను. ఆతడంత సంతోషముగా నుండుట యా పదునొకండేండ్లలో నామె చూడలేదు. ఈ మారు మాత్రము మొదలంట జూచెను.